అపాసాకు ఒక్కడే అభిమాని

గణపతికి ఒకటే జబ్బు. మనిషి కనబడితే చాలు, పేరుపెట్టి జిందాబాద్ కొడతాడు. బహ్రెయిన్‌లోని తుబ్లీ లేబర్ క్యాంపులో పప్పు బాగా కుదిరిన రోజు వంటాయన ముఖేష్‌కు జిందాబాద్. పన్ను పీకించుకుని, నోట్లో దూదితోనే డాక్టరుకు జిందాబాద్. ఆ దూది వెళ్లి డాక్టరు బల్ల మీద పడింది. తోడు వెళ్లిన నర్సింలుకు భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

ఇద్దరిదీ ఒకే గది, ఒకే షట్టరింగ్ పని. నర్సింలుకు ఈ సిగ్గు మొదటి రోజే మొదలైంది. ఊరి నుంచి కొత్తగా వచ్చి వ్యాను దిగుతుంటే గేటు దగ్గర ఒకటే కేక, "నర్సింలు జిందాబాద్!" ముప్పై మంది పగలబడి నవ్వారు. ఆ పూట నర్సింలు అన్నం ముట్టలేదు.

ఈ ఏడు గణపతికి అపాసా దొరికాడు. పెరూ నుంచి వచ్చి ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడుతున్న డిఫెండర్. గోల్ కొట్టేవాడికి చప్పట్లు గానీ, ఆపేవాడిని పట్టించుకునేదెవరు? బహ్రెయిన్ మొత్తంలో అపాసాకున్న పేరుప్రతిష్ఠలన్నీ గణపతి గొంతులోనే ఉన్నాయి.

"అన్నా, పెరూ యాడున్నదో ఎర్కేనా?" అనడిగాడు నర్సింలు.

"దుబాయి దాటినంక. మస్తు దూరం."

"ఆట సమజైతదా నీకు?"

"ఆటతోని నాకేం పని? పేరు నోటికొచ్చింది, సాలు."

శుక్రవారం మ్యాచ్‌లో అపాసా కాలికి తగిలిన బంతి తిన్నగా సొంత గోల్‌లోకే పోయింది. స్టేడియమంతా ఊళలు. పదిమందితో పాటు నర్సింలూ ఛీ కొట్టాడు. సరిగ్గా అప్పుడే గణపతి కుర్చీ ఎక్కాడు.

"అపాసా జిందాబాద్!"

జనమంతా ఇటు తిరిగారు. ముందు వరుసలోని పఠాన్ గణపతిని చూపించి, మీవాడేనా అని నర్సింలును హిందీలో అడిగాడు.

"నై భాయ్," అని నర్సింలు రెండు కుర్చీలు అవతలికి జరిగాడు.

ఆట ముగిశాక అపాసా తలవంచుకుని వెళ్తూ కంచె దగ్గర ఆగాడు. అరిచిందెవరని సైగ చేశాడు. గణపతి వెళ్లి నర్సింలును రెక్క పట్టి లాక్కొచ్చి, "మేమిద్దరం!" అన్నాడు. అపాసా నర్సింలు చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో నర్సింలుకు తెలియలేదు.

బస్సులో నర్సింలు ఉండబట్టలేక అడిగాడు. "నేను ఛీ కొట్టింది సూసినవ్ గదన్నా?"

"సూసిన."

"నువ్వు మావోడు గాదన్నది?"

"ఇన్న." గణపతి సమోసా తుంచి పెద్ద ముక్క అతనికిచ్చాడు. "నేనొచ్చిన కొత్తల నెల దాంక నన్నెవ్వలు పేరు పెట్టి పిల్వలే నర్సింలూ. బ్యాడ్జి నంబరే. నా పేరు నాకే మర్సిపోయేటట్టయింది. గందుకే, కొత్తోడు కనవడితే ఓ కేకేస్త."

ఇన్నాళ్లూ గణపతిని చూసి సిగ్గుపడ్డ నర్సింలు, ఈసారి తనను చూసి తానే సిగ్గుపడ్డాడు.

సోమవారం క్యాంపుకు వ్యాను వచ్చింది. ఒక కొత్త మనిషి సంచి వాటేసుకుని దిగాడు. శుక్రవారం అరిచిన అరుపుకు గణపతి గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నర్సింలు డ్రైవరు చేతిలోని కాగితం లాక్కుని పేరు చూసి, గేటెక్కి గొంతు చించుకున్నాడు.

"స్వామి జిందాబాద్!"

క్యాంపంతా పగలబడి నవ్వింది. స్వామి ఎర్రబడిపోయి సంచి వెనక మొహం దాచుకున్నాడు.

"ఏం గాదు తమ్మీ," అన్నాడు నర్సింలు. "ఈ పూట అన్నం మాత్రం ఇడ్సిపెట్టకు."