చౌడయ్యకు తెలిసిన ఒకే ఒక్క సెలవు

"అమావాస్య పూట ఆడపిల్లను గడప దాటిస్తారా ఎవరైనా? పైగా ఇవాళ దానికి లెక్కల పరీక్ష. మీకైనా తెలియొద్దా అన్నయ్యగారూ?"

"కాగితంలో అలా ఉంది చెల్లెమ్మా."

"ఆ కాగితం రాయించిందెవరు? మీరు కాదూ?"

పటమటలో ఆ గేటు ముందు ఆటో ఆపుకుని గొడవంతా విన్నాను. లోపలున్నది సంపూర్ణమ్మ. బయట డబ్బా పట్టుకుని నిలబడ్డది ఆవిడ వియ్యంకుడు చౌడయ్య, పెడనలో నేతపని. నాలుగు నెలలుగా బస్టాండు నుంచి ఆయన్ని ఇక్కడికి తెచ్చేది నేనే.

తప్పు ఆయనదే. కొడుకు పోయాక కోడలు శాలిని, కూతురు సాయిశ్రీతో పుట్టింటికొచ్చేసింది. రాకపోకలు ఆగిపోయాయి. మనవరాల్ని చూడనివ్వమని ఈయన కోర్టుకెక్కాడు. రాజీ కుదిరేటప్పుడు "మీకు ఏ రోజు ఖాళీ?" అని వకీలు అడిగితే "అమావాస్య" అన్నాడు. నేతవాళ్లు ఆ రోజు మగ్గం ముట్టుకోరు. తుడిచి, బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. యాభై ఏళ్లుగా ఆయనకు తెలిసిన సెలవు అదొక్కటే. శాలిని కూడా ఆలోచించకుండా సరేనంది. ప్రతి అమావాస్యకీ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా పాప తాత దగ్గర ఉండాలని ఉత్తర్వు వచ్చింది. స్కూళ్లకి అమావాస్య సెలవు ఉండదని కాలేజీ మానేసిన నాకే తెలుసు, అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

మూడుసార్లు బడి మాని పెడన వెళ్లొచ్చింది పాప. మూడుసార్లూ మగ్గం బొట్టు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పోయినసారి తిరిగొస్తూ నా ఆటోలోనే అడిగింది: "తాతయ్యా, నీ మగ్గం పాడైపోయిందా? మా టీచర్‌కి అలాగే చెప్పాను."

ముసలాయన సంచి సర్దుకుంటూ మాట మార్చేశాడు.

ఇవాళ గేటు దగ్గర కక్కేశాడు. "నాకు మాత్రం ఈ అమావాస్య కావాలా చెల్లెమ్మా? నేను నేస్తుంటే అది ఒక్కసారి చూడాలి. అంతే."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. మీదే పంతం అనుకుని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను."

లోపల జడ వేస్తున్న శాలిని దువ్వెనతోనే బయటికొచ్చింది. "రెండో శనివారం స్కూలుండదు మావయ్యగారూ. అలా మార్పించుకుందాం, నేనూ సంతకం పెడతాను."

వెనకాల సగం జడతో సాయిశ్రీ. "అయితే మగ్గం బాగైందా తాతయ్యా?"

"శనివారానికి బాగైపోతుందమ్మా. నువ్వెళ్లి లెక్కలు చేసిరా," అని కజ్జికాయల డబ్బా చేతిలో పెట్టాడు. ఆ రోజు తనదేనని పట్టుబట్టలేదు. సంపూర్ణమ్మ కాఫీ ఇచ్చింది. నాక్కూడా.

బెంజ్ సర్కిల్ దాటేదాకా వెనక సీట్లో "రెండో శనివారం, రెండో శనివారం" అని వల్లె వేస్తూనే ఉన్నాడు. తర్వాత నా భుజం తట్టాడు.

"బాబూ, వకీలుగారి దగ్గరికి నువ్వూ రావాలి. ఏ రోజు ఖాళీ అని ఆయన మళ్లీ అడిగితే నా నోటికి అమావాస్యే వస్తుంది. నన్ను మాట్లాడనివ్వకుండా నువ్వే చెప్పెయ్యి."