కుడివైపు గుండె

అమలాపురంలో ఒక సర్జనుగారుండేవారు. కడుపునొప్పితో ఎవరొచ్చినా ముందు ఛాతీమీద అరచెయ్యి వేసి కళ్లు మూసుకునేవారు. తొంభైల్లో ఒక మధ్యాహ్నం, ఎడమ పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరుగుతున్న మా అక్క ఛాతీమీద ఆయన చెయ్యి కుడివైపుకి జరిగి ఆగిపోయింది. వెంటనే ఎక్స్‌రే తీయించేరు.

"గుండె కుడివైపు ఉందమ్మా. లోపలి అవయవాలన్నీ అటువి ఇటున్నాయి. ఎడమవైపున్న అపెండిక్స్ పగిలేలా ఉంది, ఇప్పుడే కొయ్యాలి," అన్నారు.

"ఇలాంటివి ఇదివరకు చేసేరాండీ?" అనడిగింది అమ్మ.

"చదివేనండీ. చెయ్యడం ఇదే మొదలు."

అమ్మ ఆయన మొహంలోకి చూసి, "అబద్ధం చెప్పలేదు మీరు. చెయ్యండి బాబూ," అంది.

సాయంత్రం ఆయన బయటికొచ్చి, "గండం గడిచిందండీ," అన్నారు. అమ్మ దణ్ణం పెట్టింది. తిరిగి పెట్టబోతే ఆయన చేతులు వణికి, రెండూ కలవలేదు. ఆయనా భయపడ్డారని మాకప్పుడే తెలిసింది.