గరిటె పెట్టని కూర

నాకు వంట బాగా వచ్చు. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. బందరు దగ్గర మా ఊళ్ళో చర్చి విందులకి గాడిపొయ్యి మీద వండిన చెయ్యి ఇది. అలాంటిదాన్ని, ఆస్ట్రేలియాలో డార్విన్ అనే ఊరికి వచ్చిన రెండో ఏడు, నాలుగు కూరగాయలు ఉడకబెట్టడం తెలియక మధ్యాహ్నమంతా స్టవ్ ముందు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను.

మా పక్కింటావిడది ఫిలిప్పీన్స్. నేను హాస్పిటల్లో నర్సుని, ఆవిడ అక్కడే లాండ్రీలో పని. మేం దిగిన రోజున, ఇంకా పెట్టెలు కూడా విప్పకముందే అన్నం, చేపల పులుసు పట్టుకొచ్చిన మనిషి. వాళ్ళమ్మ పోయిందని ఊరినించి ఉత్తరం వచ్చింది. అది చేరేసరికే మట్టి చేసి పన్నెండు రోజులైపోయింది. ఇంక వెళ్ళి ఎవర్ని చూడాలి? మొగుడు గనుల్లో పని, నెలకోసారి వస్తాడు. ఆవిడ మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. కళ్ళ నీళ్ళు లేవు, మాట లేదు. నాలుగు రోజులపాటు టీ తప్ప ఏదీ లోపలికి పోలేదు.

సూపు తీసుకెళ్తే వద్దంది. చారన్నం తీసుకెళ్తే వద్దంది. వార్డులో ఎంత మొండి పేషెంటు చేతైనా నాలుగు ముద్దలు తినిపించగలను, ఈవిడ దగ్గర మాత్రం నా పప్పులేం ఉడకలేదు. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కదేమోనని భయం వేసింది. కోపం కూడా వచ్చింది, అబద్ధం ఎందుకూ.

"ఏం తింటావో నోరు విప్పి చెప్పవే తల్లీ!" అని తెలుగులోనే అరిచాను. తర్వాత ఇంగ్లిషులో మర్యాదగా అడిగాను.

గోడతోనే అంది, "పినక్‌బెట్."

వాళ్ళ ఊరి కూరట. కాకరకాయ, వంకాయ, బెండకాయ, గుమ్మడికాయ, పొడుగు చిక్కుళ్ళు గిన్నెలో వేసి, ఉప్పులో ఊరబెట్టిన రొయ్యల ముద్ద వేసి మూత పెట్టడమేనట.

"నీళ్ళెన్ని?"

"కొంచెం."

"తాలింపు ఎప్పుడు? అదే, ఆవాలు, మిరపకాయలు?"

"అవేం వద్దు."

"కారం?"

"వద్దు."

"మరింకేం వెయ్యాలి?"

అప్పుడిటు తిరిగి నన్ను జాలిగా చూసింది. "గరిటె పెట్టకు సిస్టర్. గిన్నె పట్టుకుని కుదపాలి, అంతే. గరిటె పెడితే పాడైపోతుంది."

గరిటె పెట్టకుండా కూరేమిటి? మా ఇంట్లో అలా అంటే పిచ్చెక్కిందనుకుంటారు. అయినా శనివారం మార్కెట్‌కి పోయి అన్నీ కొనుక్కొచ్చాను. వానలింకా మొదలవలేదు, నడిస్తే చాలు ఒళ్ళంతా చెమట.

చక్రాల్లా తరిగిన కాకరకాయకి ఉప్పు రాసి, గట్టిగా పిండేసి, ఆ చేదునీళ్ళు సింకులో పారబోశాను. పోశాక గానీ వెలగలేదు. చేదు తియ్యమని ఆవిడ చెప్పలేదే! తియ్యొద్దని కూడా చెప్పలేదు. వెళ్ళి అడుగుదామంటే నిద్రపోతోందేమో. పోనీలే అనుకుని ఆవిడిచ్చిన రొయ్యల ముద్ద సీసా మూత తీశాను. ఎండు రొయ్యల వాసన మధ్య పుట్టి పెరిగినదాన్ని, నాక్కూడా ఒక్క క్షణం ఊపిరాడలేదు.

మా ఆయన ముక్కు మూసుకుని వచ్చారు. "ఇంతకీ అది కూరా, పులుసా, మందా?"

"తెలిస్తే చెప్పనా? మీరు బయటికి నడవండి."

మూత పెట్టి కుదిపాను. పైముక్కలు ఎగిరాయి, అడుగువి కదల్లేదు. మళ్ళీ కుదిపాను. అడుగునించి చిటపటమని చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు, అడుగంటబోతోంది. ఎలక్ట్రిక్ స్టవ్ తగ్గించినా వేడి ఓ పట్టాన తగ్గదు. పెట్టకూడదు సరే, మాడిపోతే? ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారి అనుకుని గరిటె పెట్టాను. ఒక్కసారితో ఆగే చెయ్యా ఇది? తేరుకుని చూసేసరికి గుమ్మడికాయ కరిగిపోయింది, వంకాయ ఏదో బెండకాయ ఏదో తెలియడం లేదు, అంతా కలిసి జిగురు ముద్ద.

ఏడుపొచ్చింది. కూరగాయలు అయిపోయాయి, మార్కెట్ ఎత్తేసి ఉంటారు. కాస్త ఆవాలు, వెల్లుల్లి వేసి తాలింపు పెడితే గట్టెక్కుతుందేమోనని పోపుల డబ్బా తీశాను. పెడితే అది నా కూరవుతుంది గానీ ఆవిడది కాదు కదా! డబ్బా మూసేశాను. మళ్ళీ తెరిచాను, మళ్ళీ మూసేశాను. చివరికి ఏమీ వెయ్యకుండానే, తప్పు చేసిన పిల్లలా గిన్నె పట్టుకుని వెళ్ళాను.

ఆవిడ లేచి కూర్చుంది. అన్నం మీద నేను వేసిన ముద్దని చాలాసేపు చూసింది.

"గరిటె పెట్టావా?"

"లేదు," అన్నాను. మొహం మీదే అబద్ధం. ప్రభువు క్షమించాలి.

ఓ ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగలేదు. నేను నర్సుని కదా, ఆవిడ గొంతు వంకే చూస్తూ కూర్చున్నాను. మింగింది.

"పెట్టావు," అంది.

నేను గిన్నె నావైపుకి లాక్కున్నాను.

"మా అమ్మ కూడా పెట్టేది. కుదిపే ఓపిక ఉండేది కాదు. మా పిన్నులందరూ వెక్కిరించేవాళ్ళు, నేనూ వెక్కిరించేదాన్ని. అడిగితే ఇలాగే, లేదనే అనేది." అంటూ నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు మొదలైంది. నాలుగు రోజులుగా రాని ఏడుపు. ఏడుస్తూనే ఇంకో ముద్ద పెట్టుకుంది.

నాకేమీ అర్థం కాలేదు. పళ్ళెం లాక్కోవాలా, వీపు నిమరాలా? అసలు మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా? ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బాలేదు కదూ?" అన్నాను.

"అస్సలు బాలేదు," అంది ముక్కు తుడుచుకుంటూ. ఖాళీ పళ్ళెం నా ముందుకి తోసింది. "ఇంకొంచెం పెట్టు."