కిందివాడి మాట

ఇరవై రెండేళ్లు బీరువాలూ ఫ్రిజ్‌లూ మోసిన మనిషిని చివరికి పడగొట్టింది ఒక సబ్బుబిళ్ళ. ఆ రోజు నాలుగంతస్తుల మెట్ల మీదుగా సోఫాలు, మంచాలు, ఒక కుట్టుమిషను దించి వచ్చాడు. ఏమీ కాలేదు. సాయంత్రం స్నానాల గదిలో చెయ్యి జారిన సబ్బు తీయబోయి వంగాడు, అంతే, మళ్లీ లేవలేకపోయాడు. భార్య తలుపు నెట్టి చూసేసరికి ఒంటినిండా నురగతో చంటిపిల్లాడిలా పాకుతున్నాడు. "నవ్వావంటే ఊరుకోను" అన్నాడు. ఆవిడ నవ్వలేదు కానీ, మర్నాటికల్లా అతని కంపెనీలో అందరూ ఆ సబ్బు ఎన్ని కిలోలుంటుందో పందేలు కాస్తున్నారు.

ఇల్లు మారేవాళ్ల సామాన్లు చేరవేసే కంపెనీ అది. అక్కడ అతన్ని జాకీ అంటారు. లారీ కింద పెట్టే జాకీలాగా ఎంత బరువైనా కిక్కురుమనకుండా ఆపుతాడని ఆ పేరు. అసలు పేరు అడిగితే భార్య కూడా ఒక క్షణం ఆలోచిస్తుంది.

ఆ పని ఇద్దరిది. మెట్లు దిగేటప్పుడు ఒకడు పైన, ఒకడు కింద. కిందివాడు వెనక్కి నడుస్తాడు, అతనికి మెట్లు కనపడవు. కాబట్టి మెట్టు, మలుపు, గోడ చెప్పే పని పైవాడిది. బరువులో ఎక్కువ పాలు కిందివాడి మీద పడుతుంది. కాబట్టి "దించు" అనే మాట కిందివాడిది. అతను ఆ మాట అంటేనే ఇద్దరూ ఆగి సామాను కింద పెట్టాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పినవాడు మాత్రం లేడు. జాకీ ఎప్పుడూ కిందివాడే. పద్దెనిమిదేళ్లుగా పైవాడు అతని బావమరిది. ఆ పద్దెనిమిదేళ్లలో జాకీ నోట ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. అంతస్తుకోసారి దించుకునే జంటలను "పెళ్లినడక నడుస్తున్నారు" అని వెక్కిరించేవాడు కూడాను.

డాక్టరు నడుముకు ఆపరేషను అక్కర్లేదన్నాడు. ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు. ఆరు వారాలూ ఆగుతాననీ, అప్పటికీ కుదరకపోతే గాజు సామాన్లు కాగితాల్లో చుట్టే బల్ల దగ్గర కూర్చోబెడతాననీ యజమాని అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. జాకీకి మాత్రం ఆ కప్పులూ సాసర్లూ తలుచుకుంటేనే గుండె జారిపోయింది. మోయలేని తనను తాను ఊహించుకోలేకపోయాడు.

ఫిజియోథెరపీ గది ఆసుపత్రి వెనకవైపు ఉంది. రెండు బల్లలు, గోడకు చెక్క కమ్మీలు, మూలన పెద్ద రబ్బరు బంతి. అక్కడి అమ్మాయి అతని కూతురికంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, నడుము పైకెత్తమంది. "ఇంతేనా?" అన్నాడు. పదోసారికి కాళ్లు గజగజ వణికాయి. ఊళ్లోవాళ్ల సామానంతా ఎత్తినవాడికి సొంత ఒళ్లు ఎత్తడం చేతకాకపోవడం తలవంపులుగా తోచింది. తర్వాత వీపుకు కర్ర ఆనించి, నడుము వంచకుండా తుంటి దగ్గర వంగడం నేర్పింది. ఇంటి దగ్గర రెండు పూటలా పొల్లుపోకుండా చేశాడు. భార్య రోజూ చీపురుకర్ర వెతుక్కునేది.

బావమరిదే అతన్ని స్కూటరు మీద తీసుకొచ్చి, పనయ్యేదాకా బయట బెంచీ మీద మణికట్టు నలుపుకుంటూ కూర్చునేవాడు.

అయిదో వారంలో ఆ అమ్మాయి అడిగింది. "ఎత్తడం బాగా వచ్చింది బాబాయ్. మరి మెట్ల మీద ఎంతసేపు పట్టుకుంటారు?"

"దించేదాకా."

"ఎప్పుడు దించుతారు?"

"కిందికెళ్లాక."

ఆమె రాసుకోవడం ఆపింది. "నాలుగంతస్తులూనా?"

"నాలుగైనా, ఆరైనా!" అన్నాడు ఛాతీ విరుచుకుని. పైవాడి పని, కిందివాడి మాట, యజమాని చెప్పిన కప్పులు చుట్టే బల్ల, అంతా వివరించాడు.

"అయితే ఆ మాట మీదేగా? అనండి మరి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. అది అనకపోతే నేను నేర్పిందంతా దండగ. మూడు నెలల్లో మళ్లీ ఇదే బల్ల మీద ఉంటారు. అప్పుడు కప్పులు చుట్టుకోమని నేనే చెప్తాను."

"ఇంకేదైనా చెప్పమ్మా, చేస్తాను. అది మాత్రం నా వల్ల కాదు. బామ్మర్ది ముందు పరువు పోతుంది."

ఏడో వారం మొదటి రోజున దొరికింది లిఫ్టు లేని పాత భవనం, నాలుగో అంతస్తు, టేకు బీరువా. జాకీ తుంటి దగ్గర వంగాడు, కాళ్ల బలంతో లేచాడు. "మెట్టు. ఇంకో మెట్టు. మలుపు" అంటున్నాడు బావమరిది. మూడో అంతస్తు దాటింది. జాకీకి ఆ మాట అనడానికి నోరు పెగల్లేదు. రెండో అంతస్తు మలుపులో నడుము కింద ఏదో చిన్నగా మెదిలింది. నొప్పి అని కూడా అనలేడు. కప్పులు, సాసర్లు కళ్ల ముందుకొచ్చాయి.

"దించు" అన్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

బీరువా నేలకు ఆనీ ఆనకముందే బావమరిది మెట్టు మీద కూలబడ్డాడు. అతని కుడిచేతి వేళ్లు కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. వాటిని ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పుకుంటున్నాడు, అలవాటైన పనిలాగే.

"ఎప్పటినుంచిరా అది?"

"ఏడెనిమిదేళ్లు."

"ఆగుదామని చెప్పి ఏడవొచ్చుగా!"

"ఆ మాట నీది కదా బావా. బరువు నీ మీద పెట్టుకుని నువ్వే నోరెత్తకపోతే, పైనున్నవాణ్ణి నేనెలా అంటాను? ఇవాళంటావు, రేపంటావు అని చూస్తూనే ఉన్నాను."

ఇన్నేళ్లు తనొక్కడిదే అనుకున్న గొప్పను ఆ వేళ్లు కూడా మోశాయని తెలిసి జాకీ మనసు చివుక్కుమంది. పక్కనే కూర్చుని, ఆ వేళ్లు పూర్తిగా తెరుచుకునేదాకా ఆగాడు.

"రేపు ఆ అమ్మాయి దగ్గరికి పద. స్కూటరు నేను నడుపుతా."

మళ్లీ ఎత్తారు. మొదటి అంతస్తు మలుపు వచ్చేసరికి జాకీ నడుము హాయిగా ఉంది. కిందిదాకా నిశ్చింతగా దిగిపోగలడు.

"దించు" అన్నాడు.