క్రోసూరు పిల్ల గొంతు

దయ్యాలు నాకు పని పెట్టాయి గానీ, నమ్మకం ఎప్పుడూ పుట్టించలేదు. విలేకరిగా ఉన్న రోజుల్లో అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ వెళ్లి చూసేవాణ్ణి. చివరికి గబ్బిలమో, తాగుబోతో, స్థలం గొడవో తేలేది. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు తటపటాయించాను.

పేపరు మానేశాక, మంచినీళ్ల పనులు చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. ఊళ్లు తిరిగి జనం చెప్పింది రికార్డు చేసి, చిన్న వీడియోలుగా చేయడం నా పని. అలా ఒక ఎండాకాలం గురజాల వైపు ఒక ఊరికి వెళ్లాను. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మరకలు, పెద్దవాళ్లకు వంగని మోకాళ్లు. పాత బోరింగులు ఎప్పుడో ఊడబీకేశారు. తాగడానికి డబ్బా నీళ్లు కొనుక్కోవాల్సిందే.

మస్తానమ్మ అనే రైతు ఇంటావిడతో మాట్లాడాను. మిరప చేను ఉంది, కష్టపడే కొడుకు ఉన్నాడు, సంబంధం మాత్రం కుదరడం లేదు. పిల్ల తరఫు వాళ్లు వస్తారు, ఊళ్లో వాళ్ల పళ్లు చూస్తారు, మళ్లీ కబురు చెయ్యరు. "నీళ్లు పడితేనే నాకు కోడలు" అంది.

మా సంస్థ పంపిన బోరు బండి అప్పటికే రెండు చోట్ల దించింది. నాపరాయి దుమ్ము తప్ప చెమ్మ తగల్లేదు. మూడో చోటుకు మస్తానమ్మ మిరప కల్లం పక్కన గుర్తు పెట్టారు. అక్కడా రాయేనని బండివాళ్లు దించకుండానే పెదవి విరిచారు. అన్నాలు తిని వేరే ఊరికి పోతామన్నారు.

ఇంజను ఆగింది కదా అని నేను రికార్డరు తీశాను. మాకొక అలవాటు. ఎక్కడికెళ్లినా, ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి చప్పుడు కాసేపు పట్టుకుంటాం, వీడియోలో మాటల వెనక వినిపించడానికి. మిట్టమధ్యాహ్నం, కల్లంలో గాలి తప్ప ఏమీ లేదు.

వెనక్కి తిప్పి విన్నాను. బోరింగు కొడుతున్న కీచు. బిందెలో నీళ్ల ధార. ఆడవాళ్ల మాటలు. వాటి మధ్య మస్తానమ్మ గొంతు.

"ఏమే క్రోసూరు పిల్లా, బిందె పొర్లిపోతుంటే దిక్కులు చూస్తావేంది?"

కిసుక్కున ఒక నవ్వు, ఆ వెంటనే ఎవరిదో లేత గొంతు: "పొర్లితే పొర్లిందిలే అత్తా, కొనుక్కొచ్చామా ఏంది?"

ఆ వైపు కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. వినుకొండ పిల్ల ఉంది, నడికుడి పిల్ల ఉంది. క్రోసూరు పిల్ల ఆ ఊళ్లో లేదు. అడిగి కనుక్కున్నాను. రికార్డరులో కార్డు ఆ పొద్దున్నే కొత్తగా వేసింది, పాత రికార్డింగు ఉండే వీల్లేదు.

హెడ్‌ఫోన్స్ మస్తానమ్మకు పెట్టాను. తన గొంతులో ఆ మాట వినగానే లాగేసింది. లేత గొంతు జవాబు ఆమె వినలేదు. నేరుగా వెళ్లి మూడో గుర్తు మీద బైఠాయించింది.

"ఏంది పిన్నీ, కలొచ్చిందా?" అన్నాడు డ్రైవరు.

"కల కాదు నాయనా, విన్నా. ఈడ దించి పొండి."

దించారు. తెల్ల దుమ్ము లేచి అందరం పిండిలో దొర్లినట్టయ్యాం. ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి దుమ్ము తడిసింది. బురదైంది. ఉన్నట్టుండి నీళ్లు బండి కంటే పైకి ఎగిశాయి. కెమెరా వదిలేసి నేనూ వెళ్లి తడిశాను. పరీక్షకు పంపితే తాగొచ్చని వచ్చింది.

కొన్ని నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. మస్తానమ్మ కొడుక్కి పెళ్లయింది. పిల్లది క్రోసూరు. రికార్డింగులో విన్న పేరు పట్టుకుని ఆ ఊళ్లోనే వెతికి ఉంటుందనుకున్నాను. ఆ సంబంధం వాళ్లంతట వాళ్లే తెచ్చారని ఆమె ఒట్టేసింది. సరే, అది వదిలేద్దాం.

సాయంత్రం కొత్తగా బిగించిన బోరింగు దగ్గర మస్తానమ్మ నాకు వీపు తిప్పి, పక్కింటావిడతో మిరప రేటు మీద వాదిస్తోంది. నేను వచ్చింది చూడలేదు. మాటల మధ్యలోనే కోడలి వైపు తిరిగి కసిరింది, పొల్లు పోకుండా ఆ మాటే.

ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"పొర్లితే పొర్లిందిలే అత్తా, కొనుక్కొచ్చామా ఏంది?"

ఆ జవాబు అంతకుముందు నేనొక్కణ్ణే విన్నాను. ఎవరికీ చెప్పలేదు.

చేతిలో ఉన్న రికార్డరు నొక్కడం మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చింది, ఆ మాట నా దగ్గర ముందే ఉందని.