తువ్వాలు తీయించిన చేపలు

డెబ్భైల్లో దిండిలో నా పరిశోధన కోసం వల వేసిన జాలరి బాబాయిగారు, నా చేప కనబడితే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవారు.

గోదావరి పాయలో చేపలెన్నో నేను తేల్చాలి. రెండు వందల చేపల రెక్కలకు ఎర్ర బిళ్లలు కట్టి వదిలాను. ఆయన వలలో పడ్డవాటిలో బిళ్లలవి ఎన్నో చూసి, మొత్తం అంచనా కట్టాలి; బిళ్లలవి ఎంత తక్కువ పడితే మొత్తం అంత ఎక్కువన్నమాట. నెలైనా ఒక్క బిళ్ల చేపా రాలేదు. సూత్రం ప్రకారం పాయలో చేపలు అనంతం.

అనుమానమొచ్చి ఒకరోజు నేనూ పడవెక్కాను. వలలో ఎర్ర బిళ్ల మెరిసింది. తువ్వాలు చంకలోకి వెళ్లింది. చేపను రెండు చేతులా నీళ్లలోకి దించి, "ఎళ్లిరండి" అన్నారాయన.

"అదేంటి బాబాయిగారూ!"

"తవరి చేపండీ. మేం పట్టుకుంటే ఏం మర్యాదండీ?"

"నా పీహెచ్‌డీ గోదాట్లో కలిసిపోతోంది. వాటిని వదలకుండా తెచ్చివ్వండి."

"ఆయ్."

మర్నాటి నుంచి బుట్టనిండా బిళ్ల చేపలే. ఈసారి లెక్కకు పాయలో ఉన్నవి నేను వదిలిన రెండు వందలే.

"మిగతావేవండీ?" అన్నాను నీరసంగా.

ఆయన నాకేసి జాలిగా చూశారు. "అయ్యి గోదారమ్మ మాకు పెట్టినయ్యండీ. పెట్టినావిడ ఎదురుగా లెక్కెట్టుకుంటే ఏం బావుంటాదండీ?"