వాటాలు వేసిన వాకిలి

సిద్దిపేటలో మాది నేతవాళ్ళ వాడ. వీధి వైపు వెడల్పుగా పెంకుటిల్లు, దాని వెనుక పొడవాటి వాకిలి, వీధి నుంచి వాకిట్లోకి ఇంటి పక్కగా ఒక సందు, ఆ వాకిలి చివర ప్రహరీకి ఆనుకుని ఒక రేకుల గది. పెంకుటింట్లో అమ్మానాన్నలు, మా మాటల్లో అవ్వా బాపూ, నేను ఉండేవాళ్ళం. సగం ఇల్లు బాపు మగ్గానిదే. రేకుల గదిలో నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ముస్లిం ఆవిడ, ఆమె తమ్ముడు ఉండేవారు. తాత బతికున్న రోజుల్లో కిరాయికి వచ్చారట. నేను పుట్టేసరికి వాళ్ళను కిరాయిదారులని ఎవరూ అనుకోవడం లేదు. ఖాలా బీడీలు చుట్టేది. ఆమె తమ్ముణ్ణి వాడంతా మామూ అని పిలిచేది, ఆయన కంటే పెద్దవాళ్ళతో సహా.

మామూకు చూపు లేదు. చిన్నతనంలో మసూచి సోకి కళ్ళు పోయాయి. మా బాపు మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుట్టడం ఆయన పని. పొద్దున గది గడప దాటి, గోడ మీద చెయ్యి ఆనించి నడిచి, నల్లా దగ్గర ముఖం కడుక్కుని, బొప్పాయి చెట్టు కాండాన్ని ఒకసారి తడిమి మా వెనుక గుమ్మంలోకి వచ్చేవాడు. చంకలో కర్ర ఉండేది కానీ మా వాకిట్లో దాన్ని నేలకు ఆనించేవాడు కాదు. రాట్నం ముందు కూర్చుని రేడియో పెట్టించుకునేవాడు. మగ్గం చప్పుడు, రేడియో, మధ్యమధ్య ఇద్దరి మాటలు. నేను డిగ్రీ పుస్తకాలన్నీ ఆ చప్పుడులోనే చదివాను.

బాపు తమ్ముడు, మా చిన్నబాపు, వయసులో ఉన్నప్పుడే మహారాష్ట్రలోని భివండి వెళ్ళి మరమగ్గాల మీద పనిచేశాడు. అక్కడ పని తగ్గిపోయాక భార్యనూ ఇద్దరు కొడుకులనూ తీసుకుని ఊరికి వచ్చేశాడు. వచ్చి మా వెనుక వీధిలో కిరాయికి దిగాడు. అది తెలంగాణ కోసం ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చిన కాలం. చౌరస్తాలో టెంటు వేసి రోజుకో కులం వాళ్ళు, రోజుకో వాడ వాళ్ళు నిరాహారదీక్షకు కూర్చునేవారు. మా వాడ వంతు వచ్చిన రోజున బాపు, చిన్నబాపు ఒకే చాప మీద, ఒకే రంగు కండువాలు వేసుకుని కూర్చున్నారు. సాయంత్రం నిమ్మరసం తాగి ఇంటికి నడిచి వస్తూ దారిలోనే చిన్నబాపు జాగా సంగతి ఎత్తాడని బాపు తర్వాత చెప్పాడు.

చిన్నబాపు అడిగినదాంట్లో తప్పు లేదు. జాగా తాతది. ఇద్దరికీ సమానం. ఆయన పెద్దకొడుకు పెళ్ళీడుకు వచ్చాడు. పిల్లను ఇస్తామని వచ్చినవాళ్ళు సొంత ఇల్లు ఏదని అడిగి మళ్ళీ మాట్లాడతామని చెప్పి వెళ్ళిపోయారు. ఉన్న కిరాయి ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనరు ఒత్తిడి చేస్తున్నాడు. బాపు ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా సరే అన్నాడు.

కులపెద్దలు వచ్చి కూర్చున్నారు. ఇద్దరికీ రోడ్డు ముఖం ఉండాలని జాగాను నిలువునా చీల్చారు. వీధి నుంచి వెనుక ప్రహరీ దాకా దారం లాగి, దారం వెంట సున్నం పోశారు. ఆ గీత మా నడింట్లోంచి వెళ్ళింది. నేసేటప్పుడు కాళ్ళు దించుకునే మగ్గం గుంట ఇటు మిగిలింది. దేవుడి పటాలున్న అర్ర, నల్లా, బొప్పాయి చెట్టు, చివరన రేకుల గది అటు పోయాయి. అక్కడ రాష్ట్రం వేరు, ఇక్కడ ఇల్లు వేరు అని పక్కింటి ఆయన నవ్వాడు. బాపు నవ్వలేదు.

ఆ రోజే బాపు రేకుల గది సంగతి అడిగాడు. ముందు వైపు కట్టుకో, వెనుక గదిని కొన్నేళ్ళు అట్లాగే వదిలెయ్ అన్నాడు. చిన్నబాపు మేస్త్రీ గీసిన ప్లాను తెచ్చి చూపించాడు. జాగా పొడవే కానీ వెడల్పు లేదు. ముందు తాము ఉండటానికి ఒక ఇల్లు, వెనుక పెద్దకొడుక్కి ఒక ఇల్లు, మధ్య మెట్లు. గది నిలబడితే వెనుక ఇల్లు లేవదు. ఎటు తిప్పి చూసినా ప్లాను అంతే. మా వాటాలో వాళ్ళకు చోటిద్దామంటే మాకు మిగిలింది సగం ఇల్లు. మగ్గం ఉన్న చోట వాళ్ళను ఉంచుదామని అవ్వ మెల్లగా అంది. మరి మగ్గం ఎక్కడ పెట్టాలి? ముగ్గురం మగ్గం గుంట వైపు చూశాం.

ఖాలాకు చిన్నబాపే స్వయంగా వెళ్ళి చెప్పాడు. గడప బయటే గొంతుక్కూర్చున్నాడు. నేను నల్లా దగ్గర బిందె నింపుతూ ఉన్నాను.

"నేను మిమ్ముల ఎల్లగొడుతలేనక్కా. నాకు వేరే జాగ లేదు, గందుకే" అన్నాడు.

ఖాలా ఒళ్ళో చాట, చాటలో ఆకు. చేతులు ఆపకుండానే చెప్పింది. "నీ జాగ నువ్వు కట్టుకుంటవు తమ్మీ, అండ్ల తప్పేముంది? గని వీనికి ఇంకో జాగ ఎట్ల నేర్పుదు? గీ వాకిలి నేర్సుకున్ననాడు పోరడు. ఇప్పుడు ముసలోడాయె."

మామూ లోపల మంచం మీదే ఉన్నాడు. అన్నీ వింటూనే ఉన్నాడు.

చిన్నబాపే తిరిగి తిరిగి ఊరి ఆ చివర కొత్త కాలనీలో వాళ్ళకు ఒక గది చూశాడు. తోపుడు బండి మాట్లాడి సామాను తనే ఎక్కించాడు. బాపు రాట్నాన్ని సైకిలుకు కట్టుకుని వెనుక వెళ్ళాడు. మామూ నా భుజం పట్టుకుని నడిచాడు. వీధి మలుపు దాటగానే ఆయన చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. కర్ర తీసి నేలను తడుముతూ నడవడం అప్పుడే చూశాను.

ఆ తర్వాత బాపు నూలు, ఖాళీ కండెలు సైకిలు మీద వాళ్ళ గదికి చేరవేసి, చుట్టినవి తెచ్చుకునేవాడు. మామూ కొత్త గదిలో బకెట్టుకు తట్టుకుంటున్నాడని, పొయ్యి ఎటుందో మరిచిపోతున్నాడని, చివరికి గోడకు ఆనుకుని ఒకే చోట కూర్చుంటున్నాడని ఖాలా చెప్పేదట.

ఇక్కడ చిన్నబాపు వాటాలో పెంకులు దించారు. రంపంతో దూలాలు కోశారు. నడింట్లో సున్నం గీత ఉన్నచోట ఇల్లు సగానికి తెగి, మేము టార్పాలిన్ కట్టుకుని ఈ సగంలో ఉన్నాం. రేకుల గది ఒక్క పూటలో నేలమట్టమైంది. బొప్పాయిని కొట్టేశారు, నల్లా పైపు ఊడబీకారు. పునాదులకు లోతుగా కందకాలు తవ్వి, పాలమూరు నుంచి వచ్చిన కూలీలు పండుగకని ఊరికి పోయారు.

అంతలో తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. బస్సులు నిలిచిపోయాయి. పోయిన కూలీలు తిరిగి రాలేదు. ఇసుక లారీ లేదు, సిమెంటు లేదు. వర్షాలు పట్టుకున్నాయి. కందకాల్లో నీళ్ళు నిలిచాయి. నేను ఎదురుచూస్తున్న ఉద్యోగ ప్రకటనలూ లేవు, బడులూ లేవు. సమ్మెను తప్పు పట్టేవాళ్ళు మా వాడలో ఒక్కరూ లేరు. చిన్నబాపు రోజూ ఊరేగింపుకు వెళ్ళి, వచ్చి, కందకాల పక్కన నిలబడేవాడు.

"గింత లేటయితదని ఎర్కుంటే గామెను ఇంకొన్నొద్దులు ఉండుమనేటోన్ని గదనే" అన్నాడొకసారి బాపుతో. బాపు టార్పాలిన్ తాడు బిగిస్తూ ఉండిపోయాడు. గది ఉంటే కదా పిలవడానికి.

ఒక మధ్యాహ్నం నేను మా ఇంటికి ఎదురుగా ఉన్న కిరాణా దుకాణానికి వెళ్ళాను. ఉప్పు తీసుకుని తిరిగేసరికి వీధి ఊరేగింపుతో నిండిపోయింది. కొత్త కాలనీ వైపు నుంచి బయలుదేరి ఊరి నడుమకు పోతోంది. డప్పులు, జెండాలు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు. దాటే సందు లేక దుకాణం మెట్టు మీదే నిలబడ్డాను.

ఆ జనంలో మామూ కనిపించాడు. ఎవరిదో భుజం పట్టుకుని నడుస్తున్నాడు. డప్పులు వాళ్ళ గది ముందు నుంచి పోతుంటే లేచి బయటికొచ్చి జనంలో కలిశాడని తర్వాత తెలిసింది. ముఖం పైకెత్తి, జనంతో పాటు తనూ నినాదం ఇస్తున్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన ముఖంలో అంత వెలుగు చూసి నాకూ సంతోషమైంది. వీధి మలుపు నుంచి అడుగులు గుర్తున్నాయేమో, మా ఇంటి ముందుకు రాగానే ఆ భుజం వదిలి పక్కకు జరిగాడు. మా గోడ మీద చెయ్యి వేశాడు. మిగిలిన సగం గోడ వెంట నడిచి, గోడ అయిపోయిన చోట ఒక్క క్షణం ఆగి, అదే వాకిలి సందు అనుకున్నాడేమో, కర్ర చంకలో పెట్టుకున్నాడు.

"మామూ, ఆగు. గాడ గుంతలున్నయి" అని అరిచాను. డప్పుల మోతలో నా గొంతు నాకే వినపడలేదు. రెండు చేతులూ పైకెత్తి ఊపాను. నా ముందు నుంచి పోతున్నవాళ్ళు నన్ను చూసి, నేను నినాదం ఇస్తున్నాననుకుని, నవ్వుతూ పిడికిళ్ళెత్తి జై కొట్టారు. తోసుకుంటూ జనంలో దిగాను. ఎవరో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని తనతో ముందుకు లాక్కుపోబోయింది. విడిపించుకుని వాకిట్లోకి వెళ్ళేసరికి ఆయన కనిపించలేదు.

కందకంలో నడుము లోతు బురదనీళ్ళలో పక్కకు ఒరిగి ఉన్నాడు. ఒక కాలు అడ్డంగా తిరిగిపోయింది. నేను దిగి తల ఎత్తి పట్టుకున్నాను. ఆయన చెయ్యి కందకం మట్టిని తడుముతూనే ఉంది.

"నల్లా ఏడపోయింది బిడ్డా?" అని అడిగాడు.

లోపలినుంచి అవ్వ పరుగెత్తుకొచ్చింది. ఆమె కేకకు ఊరేగింపు చివర ఉన్నవాళ్ళు ఆగారు. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఊరేగింపు ముందు నడుస్తున్న బాపును ఎవరో పిలుచుకొచ్చారు. నులకమంచం మీద పడుకోబెట్టి, ఊరేగింపులోని మగవాళ్ళే దవాఖానకు మోశారు. అక్కడ చూసి, కట్టు కట్టి, తుంటి ఎముక విరిగిందని, హైదరాబాదుకు తీసుకెళ్ళాలని చెప్పారు.

అంబులెన్సులో ఖాలా, నేను కూర్చున్నాం. ఖాలా తమ్ముడి చెయ్యి వదలలేదు. ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో ఉద్యమంలో భాగంగా రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి జనం వంటలు చేస్తున్నారు. మా బండిని చూసి ఉడుకుతున్న గుండిగలను అట్లాగే పట్టుకుని పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఒక ఆవిడ కిటికీలోంచి నీళ్ళసీసా అందించి జై తెలంగాణ అంది. ఖాలా తలాడించి, తనూ అదే మాట మెల్లగా అంది. అందరూ మంచివాళ్ళే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

హైదరాబాదు దవాఖానలో మామూకు షుగర్ ఎక్కువుందని, అది తగ్గేదాకా ఆపరేషన్ వాయిదా వేశారు. చిన్నబాపు ఎవరి మోటారుసైకిలో అడుక్కుని వచ్చాడు. వార్డు లోపలికి రాలేక వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఖాలానే బయటికి వెళ్ళింది.

"ఎవల్నేమంటం తమ్మీ. నువ్వు తిన్నవా?" అని అడిగింది. చిన్నబాపు అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఆపరేషన్ అయ్యాక మామూ ఇంటికైతే వచ్చాడు కానీ నడవలేదు. వాకరు పట్టుకుని అలవాటు చేసుకోవాలని డాక్టర్లు చెప్పారు. ఆ చిన్న గదిలో, ఎటు ఏముందో తెలియని చోట, ఆయన లేచి నిలబడటానికే భయపడేవాడు. మంచం మీద కూర్చుని కండెలు మాత్రం చుట్టేవాడు.

సమ్మె ముగిశాక కూలీలు వచ్చారు. మరుసటి ఎండాకాలానికల్లా చిన్నబాపు వాటాలో రెండు ఇళ్ళు లేచాయి. గృహప్రవేశానికి ముందే ఆయన ఖాలా దగ్గరికి వెళ్ళి, కింద ముందు గది మీకే, మీరు బతికున్నన్నాళ్ళూ కిరాయి మాటే లేదు అన్నాడు. చిన్నమ్మ కూడా వెళ్ళి బతిమాలింది. ఒకసారి చూద్దామని మామూను ఆటోలో తెచ్చారు. చిన్నబాపు కొడుకులిద్దరూ కుర్చీతో సహా ఎత్తి గదిలో దించారు. మామూ గోడకు చెయ్యి ఆనించి అటూ ఇటూ రాశాడు.

"గోడ గింత నున్నగున్నది. ఎవలిల్లు గిది?" అన్నాడు.

నీదే అనుకొమ్మని చిన్నబాపు అన్నాడు. మామూ నల్లా ఎటుందని, రాట్నం ఎటు పెడతారని, మా గుమ్మం ఎటని వరసగా అడిగాడు. ఒక్కొక్కటీ చెప్పాం. నల్లా బాత్రూంలో ఉంది. మా గుమ్మానికి పోవాలంటే రోడ్డు మీదికి వెళ్ళి తిరిగి రావాలి, మధ్యలో గోడ కట్టారు. విని, ఇంటికి పోదామన్నాడు. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకునే ఓపిక వాడికి లేదని ఖాలా చిన్నబాపుకు నచ్చజెప్పింది. ఆ గదిలో తర్వాత చిన్నకొడుకు జిరాక్సు దుకాణం పెట్టాడు.

మా సగం ఇల్లూ నిలబడలేదు. ఒక వానాకాలం తడిసిన గోడ పునాది దగ్గర విచ్చుకుంది. ఉంటే మీద పడుతుందని మేస్త్రీ చెప్పాడు. బాపు మగ్గం విప్పి గుంట పూడ్పించి, రెండు గదుల స్లాబు వేయించాడు. అందులో మగ్గానికి చోటు లేదు. ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. మామూకు ఇవ్వడానికి నూలు లేకుండా పోయింది. అయినా ప్రతి శుక్రవారం సైకిలు మీద వెళ్ళి ఆయన పక్కన కూర్చుని వచ్చేవాడు. ఏం మాట్లాడుకున్నారని అవ్వ అడిగితే, ఏముంటయి మాటలు అనేవాడు.

రాష్ట్రం వచ్చిందని ఊరంతా రంగులు చల్లుకున్న సాయంత్రం నేనూ బాపూ మిఠాయి తీసుకుని వాళ్ళ గదికి వెళ్ళాం. వీధిలో ఏం జరుగుతోందో చెప్పమని మామూ నన్ను అడిగాడు. టపాకాయలు, లారీ ఎక్కి ఆడుతున్న పిల్లలు, గులాబీ రంగు అంటుకున్న కుక్క, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. పిల్లల గోల దగ్గరికి వచ్చినప్పుడు మంచం పట్టె పట్టుకుని లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. బాపు కిటికీ తెరిచాడు.

మామూ ఆ మరుసటి చలికాలంలో పోయాడు. ఖాలా జహీరాబాదులో చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మా వాడకు వచ్చి, రెండిళ్ళలోనూ కూర్చుని చాయ్ తాగింది. చిన్నబాపు ఆమె సంచి బస్టాండు దాకా మోసి, సీటు చూసి కూర్చోబెట్టి వచ్చాడు.